ఉనా కుట్టిన ఎడమ రెక్క

కాదమ్మడూ, ఆ రెక్కని దొంగలెవరూ ఎత్తుకుపోలేదు. మీ నాన్న అందరికీ అలాగే చెబుతాడు గానీ వాడా రోజు ఊళ్ళో లేడు. నేనున్నాను. నేను చెప్పినట్టు రాసుకో, తొందరేం లేదు.

క్లైవ్ నాకు బావ. మా చెల్లెలు ఉనా మొగుడు. గొర్రెల బొచ్చు కత్తిరించే పని మానేశాక, ఊరికే కూర్చోలేక విమానం కట్టడం మొదలుపెట్టాడు. కర్ర చట్రం అంతా కొట్టంలోనే అయింది. గుడ్డ తొడిగే వేళకి కొట్టంలో దుమ్మెక్కువని రెక్కల్ని ఉనా భోజనాల గదిలోకి తెచ్చి పెట్టాడు. ఆ ఏడంతా వాళ్ళిద్దరూ వంటింట్లో నిలబడే తిన్నారు.

గుడ్డ తొడగడమంటే ఏమిటనుకున్నావు. ముందది వదులు లాగులా వేలాడుతుంది. అంచులు జిగురుతో అంటిస్తారు. ఆ తర్వాత ఇస్త్రీ పెట్టె, మా చొక్కాలు రుద్దే ఇస్త్రీ పెట్టే. ఉనా దాన్ని మెల్లగా జరుపుతుంటే, అది పోయిన చోటల్లా ముడతలు వాటంతటవే మాయమై గుడ్డ బిగుసుకుంటూ వచ్చింది. ఆఖర్న వేలితో కొడితే డప్పులా మోగింది. నేను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాను. ఎందుకో నాకే తెలీదు.

అక్కడితో అయిపోలేదు. పైన గాలికి గుడ్డ లేచిపోకుండా లోపలి అడ్డబద్దలన్నిటికీ వరసగా కుట్టాలి. మూరెడు సూది పైనుంచి దిగి కింద తేలాలి, మళ్ళీ పైకి రావాలి, ముడి లోపలే దాగాలి. బావ వేళ్ళు దుంపల్లా ఉంటాయి. కాబట్టి కుట్టు ఉనా మీద పడింది.

ఇక్కడ నీకొకటి తెలియాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏటా మా ఊరి షోలో, అదే పశువులకీ వంటలకీ కుట్లకీ పోటీలు పెట్టే సంతలో, ఉనా కుట్టుపనులు పెడుతూనే ఉంది. మొదటి బహుమతి నీలం రిబ్బను ఒక్కసారీ రాలేదు. ఆ ఏడు కళ్ళ డాక్టరు, సన్నపని ఇంక కట్టిపెట్టమన్నాడు. ఆఖరిసారిగా పెద్ద బొంతకని షోలో పేరిచ్చింది. తీరా చూస్తే ఉన్న చూపంతా రెక్కలకే అయిపోయి, బొంత సగంలో ఆగింది. దాన్ని మడిచి పెట్టెలో పెట్టేసింది. బావకి మాత్రం అన్నం సయించేది కాదు.

షో రోజు పొద్దున మేమనుకున్నది చాలా తేలికైన పని. కుడి రెక్క అప్పటికే పాసయింది. ఎడమ రెక్కని ట్రైలరు మీద విమానాల మైదానానికి చేర్చాలి. అక్కడ ఇన్‌స్పెక్టర్ పాస్కో కుట్లు చూసి సరేనంటే, వాటి మీద పట్టీలంటించి రంగులేసుకోవచ్చు. పట్టీ పడితే ఇంక కుట్టు కనపడదు కదా. ఆయన మధ్యాహ్నానికల్లా వెళ్ళిపోవాలి, మళ్ళీ కోతలయ్యేదాకా రాడు. రెక్కకి రెండు తెల్ల దుప్పట్లు చుట్టి కట్టాం. దారిలో షో దగ్గర ఉనా చేసిన పళ్ళ కేకు పోటీకి ఇచ్చి వెళ్దామనుకున్నాం.

ఉనా కేకుతో లైనులో నిలబడింది. ట్రైలరు నీడలో పెట్టి నేనూ బావా మాంసం కూరిన రొట్టెలు తినడానికి పోయాం. తిరిగొస్తే ట్రైలరు ఖాళీ. తాళ్ళు శుభ్రంగా చుట్టలు చుట్టి పెట్టి ఉన్నాయి.

"దొంగ తాళ్ళు చుట్టి పెట్టిపోతాడా బావా?" అన్నాను.

బావ వినలేదు. పరిగెత్తుకెళ్ళి మైకు దగ్గరున్నతనికి చెప్పాడు. అతను ఆవుల పోటీ ఆపి, "క్లైవ్ ట్రెంగోవ్ గారి విమానం ఎడమ రెక్క పోయింది. చూసినవాళ్ళు వెంటనే చెప్పండి" అన్నాడు.

షోలో ఉన్న జనమంతా తలెత్తి ఆకాశంలోకి చూశారు.

విమానం ఇంకా ముక్కలుగానే ఉందని తెలిసినవాళ్ళు ముగ్గురమే. మిగతావాళ్ళు ఒంటి రెక్కతో వస్తున్న విమానం కోసం వెతికారు. గుర్రాల్ని లాయంలోకి తోలారు. ఫైరింజను గంట కొట్టుకుంటూ విమానాల మైదానానికి పోయింది. అక్కడ టీ తాగుతున్న పాస్కోని, ఎక్కడ పడిందని అడిగారట. ఆయనా వాళ్ళ బండెక్కి మా దగ్గరికే వచ్చాడు.

అప్పటికి కుట్టుపనుల హాలు గుమ్మంలో డల్సీ నిలబడి ఉంది. హాలు కాపలా ఆవిడదే.

"ఏం గోలయ్యా ఇది, లోపల తీర్పు జరుగుతోంది" అంది. "ఉనా, నీ బొంత మేమే దింపించాం. ఇంత పెద్దదైనా ఎంత తేలిగ్గా ఉందే."

బావ ముఖం చూడాలి నువ్వు. "డల్సీ, అది బొంత కాదు. నా రెక్క."

"దుప్పటి విప్పినప్పుడు నాకూ అనుమానం వచ్చింది. కానీ గుడ్డేనా? గుడ్డే. చేత్తో కుట్టిందేనా? చేత్తోనే. ఉనా పేరుందా? ఉంది. లోపలికొచ్చింది తీర్పయ్యేదాకా బయటికి పోదు. మా అమ్మ వచ్చి అడిగినా పోదు."

"నేను ప్రభుత్వం తరఫున వచ్చానమ్మా" అన్నాడు పాస్కో.

"రండి. కిటికీ అక్కడుంది."

చేసేదిలేక నలుగురం కిటికీ అద్దానికి ముఖాలు ఆనించాం. లోపల న్యాయనిర్ణేత నీబోన్ గారు భూతద్దం పట్టుకుని రెక్క చుట్టూ తిరుగుతోంది. మా ప్రాంతంలో ఆవిడ పేరు చెబితే కుట్టు మిషన్లు ఆగిపోతాయి. ఆవిడెప్పుడూ వెనకవైపు చూడకుండా మార్కులెయ్యదు.

"తిప్పండి" అంది. ఇద్దరాడవాళ్ళు తిప్పారు. అటూ ఇలాగే ఉంది. దీనికి వెనకవైపంటూ లేదు.

"ముడులేవి?" అంది. "ఎత్తి వెలుగుకి పట్టండి."

వాళ్ళు రెక్కని నిలువుగా ఎత్తి తూర్పు కిటికీకి అడ్డం పెట్టారు. ఎండ దాంట్లోంచి వచ్చింది.

అమ్మడూ, ఇది నిదానంగా రాయి. ఆ గుడ్డకింకా రంగు లేదు, దీపం చిమ్నీలా వెలిగిపోయింది. లోపల బావ చెక్కిన బద్దలన్నీ ఒక్కొక్కటిగా కనిపించాయి. ఒక్కో బద్ద వెంట ఉనా ముడులు, పాయసంలో సగ్గుబియ్యం గింజల్లా, సమానంగా, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా. ఏడాదిపాటు ఆ గదిలో అటూ ఇటూ తిరిగిన మాకు, మా దగ్గరున్నది ఇదని తెలీదు. ఫైరింజనువాళ్ళు కూడా వచ్చి అద్దానికి ముఖాలు ఆనించారు.

"ఎన్నో రెక్కలు చూశాను" అన్నాడు పాస్కో మెల్లగా. "అన్నీ బల్ల మీద పెట్టే చూశాను. ఇలా చూడాలని ఎవరూ చెప్పలేదు."

నీబోన్ గారి వేలు ఒక్కో వరస మీదుగా పోతూ పోతూ నాలుగో దాని దగ్గర ఆగింది. అద్దం మీద పాస్కో వేలూ సరిగ్గా అక్కడే ఆగింది.

"ఇది వేరే చెయ్యి" అంది లోపలావిడ.

"నాలుగోది విప్పి కుట్టాలి. తక్కినవన్నీ సరే" అన్నాడు బయటాయన.

ఉనా తల తిప్పింది. "ఏవయ్యా, నేను చర్చికెళ్ళిన ఆదివారం నువ్వేం చేశావు?"

"కాస్త సాయం చేశాను."

"ఎంత?"

"ఒక్క వరస. నీ కళ్ళకి కాస్త విశ్రాంతి అని."

ఇంకొకామెయితే కేకు తీసి నెత్తిన కొట్టేది. ఉనా అద్దం వైపు తిరిగి తన రెక్కని చూసుకుంటూ ఉండిపోయింది.

తలుపులు తీశారు. రెక్క మీద చీటీ ఉంది. రెండో బహుమతి, ఉనా ట్రెంగోవ్.

"మొదటిదెవరికి?" అన్నాను.

"ఎవరికీ లేదు" అంది డల్సీ. "ఆవిడ ఆపేసింది. మంచి బొంతలున్నాయి గానీ, దీన్ని చూశాక వాటిని దీనికన్నా పైన పెట్టలేనంది. ఆ ఒక్క వరస చూశాక దీనికీ మొదటిది ఇవ్వలేనంది."

బావ నేల చూస్తున్నాడు. "ఉనా, నీ రిబ్బను నేనే పోగొట్టాను."

"ఉండవయ్యా" అంది ఉనా. చీటీని దగ్గరగా పెట్టుకుని చదివింది. "డల్సీ, నాకు పైన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"అయితే సరే."

పాస్కో తన ప్రయాణం మానుకున్నాడు. షో ముగిసే దాకా కేకు తింటూ కూర్చున్నాడు. డల్సీ సరేనన్నాక ఉనా అక్కడే నాలుగో వరస విప్పి కుట్టింది. అవతలివైపు సూది అందుకోవడానికి కూర్చున్నది నీబోన్ గారు.

కోతలయ్యాయి. కొత్త విమానంలో ఇంకొకర్ని ఎక్కించుకునే ముందు ఒక్కడే ఎగిరి పరీక్షించాలట, బావ అదంతా పూర్తిచేశాడు. ఆ తర్వాత ఉనాని ఎక్కించుకున్నాడు. కింద గోధుమ మోళ్ళు, అటు సముద్రం. ఇంజను హోరులో, ఎలా ఉందని అరిచి అడిగాడట. ఉనా ఎడమ రెక్క చూసింది, తలెత్తి ఆ పైన చూసింది. "ఎవరూ లేరయ్యా" అందట.

అంతే, అమ్మడూ. మీ ఉనా మామ్మని కంటికి కట్టుకట్టి ఆస్పత్రిలో పడుకోబెట్టారు కదా, పోయి నువ్వు రాసింది ఆవిడకి చదివి వినిపించు. పక్కన క్లైవ్ కూర్చుని ఉంటే, నాలుగో వరస దగ్గర కాస్త గట్టిగా చదువు.