మిగతా పురుగేది?

ఎండ కిటికీ ఎక్కేలోపల ఒక పురుగును తలనుంచి తోకదాకా ఫోటోలోకి దించెయ్యాలి. ఆ ఉదయానికి అద్దాలాయన వేసుకున్న పథకం అంతే. వీధి చివర కళ్ళద్దాల షాపు ఆయనది. చత్వారం వచ్చినవాళ్ళకీ, దూరం ఆననివాళ్ళకీ ఆ వీధిలో లోకం తేటగా కనిపిస్తోందంటే ఆయన చలవే. దీపం కింద చీకటన్నట్టు, ఆయన తీసే ఫోటోల్లో మాత్రం ఏదో ఒక ముక్క తప్ప మిగతాదంతా మసకే.

ఆయన తీసేది పురుగుల్ని. అందులోనే వచ్చింది చిక్కంతా. పురుగుకి దగ్గరగా వెళ్ళేకొద్దీ కెమెరా తేటగా చూడగలిగే మేర కాగితమంత పలచబడిపోతుంది. కన్ను కుదిరితే మీసాలు మసక, మీసాలు కుదిరితే వీపు మాయం. పోనీ లెన్సు కన్నాన్ని చిన్నది చేద్దామా అంటే, కొంతవరకు లాభమే గాని, మరీ చిన్నదైతే బొమ్మ మొత్తం మెత్తబడిపోతుంది. ఇలా తీసిన ప్రతి ఫోటోనూ మొట్టమొదట భార్యకి చూపించడం ఆయన అలవాటు. ఆవిడ స్కూల్లో డ్రిల్లు టీచరు. వరుసలో ఒక్క కాలు ఎడంగా పడినా పట్టేసే కన్ను ఆవిడది. ఫోటోను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "కన్ను బాగుందండీ. మిగతా పురుగేది?" అనేది.

ఎగతాళికి కాదు, నిజంగానే అడిగేది. అందుకే ఆయనకి మరీ గుచ్చుకునేది.

చివరికి ఒకరోజు ఆవిడే తేల్చేసింది. "ఈసారి కూడా సగం పురుగే అయితే కెమెరా అటకెక్కాల్సిందే. అమ్మ కుట్టుమిషను దారికడ్డంగా పడి ఉంటోంది. ఆ కిటికీ మూల దానికిచ్చేద్దాం."

ఆయన రోషంకొద్దీ సరేనన్నాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు. రోజంతా ఇతరుల కళ్ళలోకి తొంగిచూసే మనిషికి, తన కళ్ళతో తనకిష్టమైనది చూసుకునే చోటు ఇంట్లో ఆ మూల ఒక్కటే.

మార్గం షాపుకొచ్చిన ఒక పెద్దాయన చెప్పాడు. కెమెరాను వెంట్రుకవాసి చొప్పున ముందుకు జరుపుతూ డెబ్భై, ఎనభై ఫోటోలు తియ్యాలి. ఒక్కోదాంట్లో ఒక్కో పొర తేటగా పడుతుంది. ఆ పొరలన్నీ కంప్యూటరులో కలిపేస్తే పురుగు మొత్తం బయటపడుతుంది. అయితే అంతసేపూ పురుగు కదలకూడదు, కెమెరా కదలకూడదు, నేల కదలకూడదు.

పురుగు సంగతి అదృష్టంకొద్దీ కుదిరింది. కిటికీ దగ్గరి గులాబి కుండీలో, ఆకు మీద నిగనిగలాడే ఆకుపచ్చ పెంకుపురుగు ఒకటి చలికి బిగుసుకుని నిద్రపోతోంది. ఎండ తగిలేదాకా అది లేవదు. నేల సంగతే కష్టం. వాళ్ళది పాత మేడ, మొదటి అంతస్తు, చెక్కనేల. వంటింట్లో ఎవరైనా ఆవలిస్తే కుండీలో ఆకు ఊగుతుంది.

"ఎంతసేపు కదలకూడదండీ?" అంది భార్య, స్టూలు మీద కూర్చుని స్కూలుకి వెళ్ళడానికి బూటు తొడుక్కుంటూ.

"ఎండ వచ్చేదాకా."

"ఊపిరి పీల్చుకోవచ్చా అల్లుడుగారూ?" అని అడిగింది అత్తగారు, అల్లిక సూదులు పైకెత్తి పట్టుకుని.

"మెల్లగా పీల్చుకోండి అత్తయ్యగారూ."

సోఫాలో పడుకున్న బావమరిదికి ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేకపోయింది. నోరు తెరుచుకుని, ఒక చెయ్యి నేలకి వేలాడేసి, అతను అప్పటికే గాఢనిద్రలో ఉన్నాడు.

"పందెం కట్టింది నేను. నా వల్ల పురుగు కదిలిందన్న మాట నాకొద్దు," అంది భార్య. "అందరూ అటెన్షన్!" అని గుసగుసగా ఆజ్ఞాపించి, లేసు వేళ్ళమధ్య ఉండగానే వంగిన మనిషి వంగినట్టు బిగుసుకుపోయింది. అత్తగారు కూడా బిగుసుకుంది. రెప్ప వెయ్యొచ్చో లేదో అడగడం మరిచిపోయింది కాబట్టి, ఎందుకైనా మంచిదని వెయ్యడం మానేసింది. అద్దాలాయన వెలుగు పడకుండా నల్లగుడ్డ నెత్తిన కప్పుకుని కెమెరా వెనక్కి చేరాడు. స్క్రూ తిప్పడం, ఫోటో తియ్యడం, ఊపిరి బిగపట్టడం మొదలైంది.

సరిగ్గా అప్పుడే పక్కవాటా నర్సమ్మ అరువు తీసుకున్న ఇస్త్రీపెట్టె తిరిగివ్వడానికి వచ్చింది. ఉద్యోగంలోంచి దిగి ఏళ్ళయినా ఆవిడలో నర్సు మాత్రం ఇంకా దిగలేదు. బెల్లు కొట్టింది. ఎవరూ తియ్యలేదు. వసారాలోకి తెరిచే కిటికీలోంచి తొంగిచూసింది. సోఫాలో ఒకడు నోరు తెరిచి పడి ఉన్నాడు. కుర్చీలో పెద్దావిడ గుడ్లప్పగించి చూస్తోంది. స్టూలు మీద టీచరమ్మ నడుం వంచి వంచినట్టే ఉంది. మూల నల్లగుడ్డ కప్పిన ఆకారం ఒకటి.

టీచరమ్మ ఆవిణ్ణి చూసింది. కదలకూడదు కాబట్టి, తరవాత రండి అన్నట్టు కళ్ళు మాత్రం పైకి తిప్పి తలుపువైపు చూపించింది.

"అయ్యో, కళ్ళు తేలేస్తోంది!" అని ఇస్త్రీపెట్టె అక్కడే వదిలేసింది నర్సమ్మ. "గ్యాసు! గ్యాసు లీకైంది! ఎవరూ స్విచ్చి ముట్టుకోకండి, చప్పుడు లేకుండా దిగిపొండి!"

వాచ్‌మన్ పరుగున వెళ్ళి మేడ మొత్తానికి కరెంటు మెయిన్ ఆపేశాడు. పై వాటాల్లో మనుషులు చెప్పులు చేతబట్టుకుని, పిల్లల నోళ్ళు మూసి, పిల్లుల్లా మెట్లు దిగారు. గుడ్డకింద అద్దాలాయనకి ఇదేం తెలియదు. ఫ్రిజ్జు గురగుర ఆగిపోయింది. పై ఇంట్లో రోజూ వినిపించే అడుగుల చప్పుడూ ఆగిపోయింది. ఆకు రాయిలా నిలబడింది. ఇన్నాళ్ళకి ఈ మేడవాళ్ళకి కళంటే గౌరవం పుట్టిందని ఆయనకి కళ్ళు చెమర్చాయి.

కాసేపటికి వీధిలో అగ్నిమాపకశకటం గంట వినిపించింది.

"ఎవరింట్లోనో ఏదో అయిందే, పాపం," అంది అత్తగారు పెదవులు కదపకుండా.

"కదలకమ్మా. తరవాత వెళ్ళి చూసొద్దాం."

పురుగు తల అయిపోయింది. మెడ అయిపోయింది. వీపు సగానికి వస్తోంది. అప్పుడు గులాబికొమ్మ వెనక కిటికీలోంచి ఒక హెల్మెట్టు మెల్లగా పైకి లేచింది. దాని వెంట ముసుగు వేసుకున్న ముఖం లేచింది. అటు తలుపు ఫెళ్ళున ఊడి పడింది.

"ఎవరూ కదలకండి!" అని అరిచింది ముసుగు.

ఆ మాటతో అందరూ ఒక్కసారిగా కదిలారు. అత్తగారు కెవ్వుమంది, అద్దాలాయన గుడ్డతో సహా వెనక్కి పడ్డాడు, పురుగు రెక్కలు విప్పి ఎగిరింది. కదలనిది బావమరిది ఒక్కడే. దాంతో వచ్చినవాళ్ళు ముందు అతన్నే భుజాన వేసుకుని దిగిపోయారు. నడివీధిలో, వీధివాళ్ళందరి మధ్య, చిరిగిన బనీనుతో స్ట్రెచరు మీద కళ్ళు తెరిచి, "ఫోటో అయిందా బావా?" అని అడిగాడట.

పైన ముసుగు తీసి గాలి వాసన చూసిన అధికారికి గులాబీల వాసన తప్ప ఏదీ తగల్లేదు. "గ్యాసు లేదు, ఏమీ లేదు! మరి మీరంతా ఎందుకలా బిగుసుకుపోయారండీ?"

"అదిగో, దాని కోసం," అంది డ్రిల్లు టీచరు, ఆయన హెల్మెట్టు మీద వాలిన పురుగును చూపించి.

ఆయన హెల్మెట్టు విప్పి, పురుగును వెలుగుకి పెట్టి చాలాసేపు చూశాడు. "బాగుందే!" అని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి జాగ్రత్తగా ఆకు మీదికి దించాడు. అది అక్కడ ఒక్క క్షణం కూడా ఉండలేదు. ఈలోగా నర్సమ్మ లోపలికొచ్చి, "బతికున్నావా తల్లీ!" అని టీచరమ్మని కావలించుకుని ఏడ్చింది. ఏడ్చాక ఇంటిల్లిపాదినీ వరసపెట్టి చీవాట్లేసింది.

సాయంత్రం అద్దాలాయన పొరలన్నీ కలిపాడు. తల అద్భుతం. మెడ మీద నూగు కూడా లెక్కపెట్టొచ్చు. నడుం దగ్గర్నుంచి మాత్రం మంచు కమ్మినట్టు మసక. ఎవరూ అడగకముందే ఆయన నిచ్చెన తెచ్చి అటక కింద వేశాడు. కెమెరా సంచీ భుజాన వేసుకుంటే ఎన్నడూ లేనంత బరువనిపించింది.

"ముందు నాకు చూపించండి," అంది భార్య.

ఆవిడ తెరకి దగ్గరగా వంగింది. పురుగు మెడమీది పెంకు అద్దంలా మెరుస్తోంది. అందులో వాళ్ళ గది ఉంది. కుర్చీ దగ్గర అత్తగారు కాస్త అలుక్కుపోయింది. సోఫాలో బావమరిది పొట్ట ఎగసిపడి ఎగసిపడి పొగలా ఉంది. ఆ ఇద్దరి మధ్యా బూటు మీదికి వంగిన చిన్న మనిషి ఒకతె, చేతిలోని లేసుతో సహా, సూదితో గీసినట్టు తేటగా ఉంది.

"ఇది నేనే కదండీ?"

"నువ్వే. మిగతావాళ్ళందరూ ఎంతో కొంత కదిలారు. తీసినన్ని ఫోటోల్లోనూ కదలనిదానివి నువ్వొక్కదానివే." ఆయన తెరమీది లేసును వేలితో చూపించాడు. "గంట మోగినా కదల్లేదు నువ్వు."

 ఆవిడకి నడుం ఇంకా పట్టేసినట్టే ఉందేమో, ఒక చెయ్యి అక్కడ వేసుకుని ఆ బొమ్మనే చూస్తూ ఉండిపోయింది.

"నేను బాగానే పడ్డాను," అంది చివరికి. "మిగతా పురుగేది?"

"రేపు తీస్తాను," అన్నాడాయన, అనొచ్చో లేదో తెలియక.

"అయితే ఆ నిచ్చెన తీసెయ్యండి, పొద్దున్నే కాళ్ళకి అడ్డం. ఈసారి నేను కుర్చీలో కూర్చుంటాను, వంగి చావలేను."

"నా మిషను ఉన్నచోటే ఉండనీవే," అంది అత్తగారు లోపలినుంచి. "అది ఆ మూలకొస్తే మేడంతా ఊగుతుంది."

మర్నాడు తెల్లవారేసరికి, కొత్తగా బిగించిన తలుపుకి అత్తగారు రాసిన అట్ట ఒకటి వేలాడుతోంది: "లోపల అందరం బతికే ఉన్నాం. కదలడం లేదంతే."