బకెట్లో వచ్చిన జెల్ల

ఆ రోజు పొద్దున డ్రాయింగు మాస్టారు తలపెట్టిన ఘనకార్యం ఒక్కటే: భార్య ల్యాబుకు వెళ్ళగానే ఫ్రిజ్ శుభ్రంగా కడిగి ఆవిడ మెప్పు పొందడం. ఆవిడ మంచినీటి జెల్ల చేప మీద పరిశోధన చేస్తోంది. దాని మైటోకాండ్రియా జన్యుపటాన్ని ఆర్‌ఎన్‌ఏ సాయంతో మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవాలి. ల్యాబు ఫ్రీజరు మొరాయించడంతో, మిగిలిన ఒకే ఒక్క కాలేయం ముక్కను చిన్న గొట్టంలో పెట్టి ఇంటి ఫ్రిజ్ మంచు అరలో దాచింది. ఆ జాతి చేప ఈ కాలంలో దొరకదని ప్రొఫెసరుగారు తేల్చేశారు. నెలాఖరుకు పని తేలకపోతే మూడేళ్ళ కష్టం నీళ్ళపాలే.

మాస్టారు ఫ్రిజ్ ఆపి, తలుపులు బార్లా తెరిచి, కూనిరాగాలు తీస్తూ అరలన్నీ తోమాడు. పదింటికి ఫోను మోగింది.

"ఏవండీ, ఆ గొట్టం మంచుపెట్టెలో పెట్టి పన్నెండింటికల్లా తెచ్చేయండి. కరిగితే మాత్రం ఆర్‌ఎన్‌ఏ పోయినట్టే!"

ముక్క అప్పటికే కరిగి మెత్తబడింది. "అలాగేలే," అన్నాడు మాస్టారు సన్నగా.

చేపల బజారుకు పరుగెత్తాడు. భార్య గ్రంథానికి జెల్ల బొమ్మ గీసింది తనే కనుక, ఒక తట్టలో ఉన్నదాన్ని చూడగానే పోల్చుకున్నాడు. బతికే ఉంది!

"ముక్కలు కూరకా, వేపుడుకా బాబూ?" అంది చేపలావిడ.

"ఆర్‌ఎన్‌ఏ తియ్యడానికమ్మా."

"ఆ ముక్క మేం కొయ్యం. తల, నడుము, తోక. అంతే."

చేపను బకెట్ నీళ్ళలో ఇంటికి తెచ్చి, తనే కోసి, గొట్టం నింపి, గుట్టుగా ఊరుకుందామనుకున్నాడు. తీరా కత్తి ఎత్తేసరికి జెల్ల మీసాలాడిస్తూ చూసింది. చేతులు రాలేదు. కోసిపెట్టమని ల్యాబులోనే ఎవరో ఒకరి కాళ్ళు పట్టుకుందామని బకెట్‌తో బస్సెక్కాడు. మలుపులో చేప ఎగిరి పక్కసీటు పెద్దావిడ సంచిలో పడింది.

"అయ్యయ్యో, మా అల్లుడి కొత్త చొక్కా!" అని ఆవిడ కేకలు. తీయబోతే ముల్లు గుచ్చుకుని మాస్టారి కేకలు. కండక్టరు విసిగిపోయి మాస్టారినీ చేపనూ కలిపి దింపేశాడు. మిగతా దూరం నడక.

ల్యాబు గుమ్మంలో భార్య మొహం చూడగానే గుట్టు నిలవలేదు. "నేనే పాడుచేశానోయ్. ఫ్రిజ్ కడిగాను."

ఆవిడ ఉన్నచోటే కూలబడింది. "మూడేళ్ళండీ! ఇవాళ కడక్కపోతే కొంపలు మునిగేవా?" కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

లోపలినుంచి వచ్చిన ప్రొఫెసరుగారు బకెట్‌లోకి వంగి మీసాలు లెక్కపెట్టారు. ఎనిమిది.

"మన జెల్లే! ఎక్కడ దొరికిందయ్యా?"

"బజార్లో సార్."

ప్రొఫెసరుగారు కాసేపు దగ్గారు. "ఇంత తాజా కాలేయం ఉండగా ఏడుపెందుకమ్మా? ఇంటి ఫ్రిజ్ చలి చాలక ఆ పాత ముక్కలో ఆర్‌ఎన్‌ఏ ఎప్పుడో పోయుంటుంది. అది వాడితేనే మునిగేవాళ్ళం!"

రెండు వారాల్లో పదహారు వేల పైచిలుకు అక్షరాలూ వరసగా వచ్చాయి. ఆవిడ ఆనందం పట్టలేక ఇల్లంతా గంతులేసింది. గ్రంథం కూడా అచ్చయింది. కృతజ్ఞతల పేజీలో జెల్లకు నాలుగు వాక్యాలు దక్కాయి. మాస్టారు "తదితరులు"లో ఉన్నాడు.