కుడితి తాగిన బొగ్గు

మా నాన్న ఢిల్లీశ్వరరావు ఏ మీటింగుకి వెళ్ళొచ్చినా మా పెరటికి మూడుతుంది. ఈసారి బరంపురంలో రైతుల శిక్షణకి వెళ్ళొచ్చాడు. చెత్తను కాల్చి బొగ్గు చేసి, ఆ బొగ్గుతో నేలను బాగుచేస్తారట. దాని పేరు బయోచార్.

మా పెరడంతా ఇసుక. పోసిన నీళ్ళు మనం చెంబు కింద పెట్టేలోపే పాతాళానికి వెళ్ళిపోతాయి. కిందటేడు వంకాయలు గోలీల సైజు దాటలేదు. అప్పుడే అమ్మ తీర్పు చెప్పేసింది.

“ఈ ఏడూ కాయకపోతే పెరట్లో మా తమ్ముడు పోతయ్య కోళ్ళ షెడ్డు ఏస్తాడు.”

నాన్నకి కోళ్ళ కంపంటే ప్రాణం మీదికొస్తుంది. గంజాం బస్సులో ఎవరైనా కోడిని తెస్తే, దిగేదాకా తల కిటికీ బయటే.

“ఓలే సీతాలూ, బయోచార్ ఏస్తాను సూడు. ఒక్కో వంకాయ నీ తమ్ముడి తలకాయంత కాస్తది.”

“మా తమ్ముడి తల జోలికి రాకు. ఏటి కాలుస్తావు?”

“జీడి కొమ్మలు, సరుగుడు పుల్లలు, కొబ్బరి డొక్కలు.”

“మరి నేను పొయ్యిలో ఏటి పెట్టాలి? నీ సర్టిఫికెట్టా?”

నాన్న గరాటులాంటి గొయ్యి తవ్వాడు. అడుగున మంట పెట్టి, పైన కొంచెం కొంచెంగా వేస్తూ పోవాలి. పై మంట కింది పుల్లలకి గాలి తగలనివ్వదు. అందుకే అవి బూడిదైపోకుండా బొగ్గవుతాయి. పొగ రాదని వీధంతా చెప్పాడు. కొబ్బరి డొక్కల పీచు తడిగా ఉందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ పొగ గోపాలపూర్ దాకా కనబడి ఉంటుంది. పక్కింటి జగ్గమ్మత్త ఆరబెట్టిన అప్పడాలు ఎత్తుకుని పరిగెత్తుకొచ్చింది.

“డిల్లీసూ, ఇల్లంటుకుందేటి?”

“కాదప్పా, ఇది పొగ రాని పద్ధతి” అన్నాడు నాన్న పొగలోంచి.

నేను నవ్వాపుకోలేక పశువులశాల వెనక్కి వెళ్ళిపోయాను.

డొక్కల తడి ఆరాక మంట తిన్నగా లేచింది. పైన తెల్లబూడిద కనబడగానే నీళ్ళు పోసి ఆర్పేయాలి. నాన్న మోటారు స్విచ్ వేశాడు. కరెంటు లేదు.

“నీళ్ళు తేవే, అంతా బూడిదైపోతంది.”

“తాగే నీళ్ళు తప్ప ఇంట్లో ఏటీ లేవు. ముట్టుకున్నావంటే సూడు.”

నాన్న చుట్టూ చూశాడు. గేదె కోసం అమ్మ గోలెం నిండా కలిపి పెట్టిన కుడితి కనబడింది. గంజి, తవుడు, బియ్యం కడుగు, అంతా బకెట్టుతో తోడి గోతిలో కుమ్మరించాడు. గొయ్యి బుస్సుమంది. గేదె అరిచింది. ఆ సాయంత్రం అది పాలివ్వలేదు.

“టీ ఏదే?” అన్నాడు నాన్న.

“గేదెనడుగు” అంది అమ్మ.

మర్నాడు ఆ బొగ్గు చూస్తే ముచ్చటేసింది. దూదిలా తేలిక, కొడితే గాజుముక్కలా మోగుతోంది. లోపలంతా కంటికి కనబడని చిల్లులట. నీళ్ళనీ ఎరువునీ అవే పట్టి ఉంచుతాయి. పొగై గాలిలో కలిసిపోవలసిన చెత్త, తరాల తరబడి మట్టిలోనే ఉండిపోతుందట. మసి మొహంతో నిలబడ్డ మా నాన్న నాకు ఆ రోజు చాలా గొప్పగా కనిపించాడు.

ఆ బొగ్గు మట్టిలో కలిపాక నిజంగానే మడిలో తడి నిలిచింది. వంగ మొక్కలు నా నడుం దాకా లేచాయి. కాయలు మామయ్య తలంత కాకపోయినా పిడికిలంత అయ్యాయి. అమ్మ కోళ్ళ మాట ఎత్తడం మానేసింది.

అవి చూడ్డానికి శిక్షణ ఇచ్చిన మేడమ్ వచ్చారు. వీధి ఆడవాళ్ళంతా చేరారు.

“పచ్చి బొగ్గు వేస్తే మొక్క తిండి అదే లాగేసుకుంటుంది. మీరు ముందు దేంట్లో నానబెట్టారు?” అని అడిగారు మేడమ్.

నాన్న అమ్మ వైపు చూశాడు. ఆ పాఠం చెప్పేటప్పుడు భోజనాల వరసలో ముందున్నాడట.

“మా గేదె తిండిలో” అంది అమ్మ.

చాలా మంచి పని చేశారన్నారు మేడమ్. అంతే, నాన్నకి ఊపొచ్చేసింది.

“కుడితేటి మేడమ్, కోళ్ళ పెంటతో కలిపితే ఇంకా బలం. కోళ్ళ కింద ఈ బొగ్గు పరిస్తే కంపు కూడా లాగేస్తది.”

“కంపు రాదంటావు” అంది అమ్మ నెమ్మదిగా.

“రానే రాదు.”

“జగ్గమ్మొదినా, ఇన్నావు కదా” అంటూ అమ్మ ఫోన్ తీసింది. “పోతయ్యా, రాటలు కొట్టించుకుని వచ్చెయ్. మీ బావ ఒప్పుకున్నాడు.”

ఇప్పుడు వంగమడి పక్కనే షెడ్డు లేస్తోంది. నాన్న కోళ్ళ కింద పరచడానికి కొత్త బొగ్గు కాలుస్తున్నాడు. ఈసారి డొక్కలు బాగా ఎండబెట్టాడు. గేదె మాత్రం, నాన్న బకెట్టు ముట్టుకుంటే చాలు, గోలేనికి అడ్డంగా వచ్చి నిలబడుతోంది.