ఊరంతటికీ ఒకటే ఛానల్

మీ ఇంట్లో మీకు నచ్చిన ఛానలే వస్తోందా? అయితే మీ ఊరు ఇంకా బాగా వెనకబడి ఉందన్నమాట!

సత్తెనపల్లి అవతల ఉన్న మహిమ వాళ్ల ఊరిని చూసి నేర్చుకోండి. అక్కడ కేబుల్ లక్ష్మీకాంత్ కొత్త నెట్‌వర్క్ స్విచ్ బిగించాడు. టౌన్ నుంచి ఒక్కో ఛానల్ ఒక్కో అడ్రసుతో, అంటే ఒక్కో నంబరుతో, ఒక్కసారే వస్తుంది. స్విచ్ దాన్ని ఊరి అడ్రసుకు మార్చి, అడిగిన ఇళ్లకు మాత్రమే కాపీలు తీసి పంచాలి. ఎంత పొదుపు!

లక్ష్మీకాంత్ ఇంకా పొదుపరి. ఛానల్‌కొక అడ్రసు ఎవరు రాస్తారని, అన్నిటికీ కలిపి ఒక్కటే రాసి పారేశాడు. ఒక అడ్రసులో ఒక ఛానలే పడుతుంది. దాంతో పొద్దున ఎవరు ముందు టీవీ పెడితే, వాళ్ల ఛానలే ఊరందరికీ.

ఊళ్లో అందరికంటే ముందు లేచేది పెద్ద రైతు బుల్లయ్య. లేవగానే రాశిఫలాలు పెడతాడు.

దీనివల్ల ఎన్ని లాభాలు! రిమోట్ కోసం కొట్టుకునే అన్నదమ్ములు కలిసిపోయారు. ఏనాడూ జాతకం ఎరగని ఎలీసమ్మ, చర్చికి బయలుదేరుతూ "ఇయ్యాల మనకు ప్రయాణం మంచిది కాదంటమ్మా" అని కూతురు మహిమతో అంటోంది. సర్వమత సమానత్వం ఇంకెక్కడుంది?

మహిమకే ఈ అభివృద్ధి అర్థం కాలేదు. వచ్చే నెల ఆమెకు టీచరు పరీక్ష. పగలంతా మిరపకోతలు. తెల్లవారుజామున వచ్చే పాఠాల ఛానలే ఆమె కోచింగ్ సెంటర్. లక్ష్మీకాంత్‌ను అడిగింది.

"స్విచ్ తత్వమే అంతమ్మా. మార్చటం మా వల్ల కాదు. కావాలంటే నువ్వే ముందు లెయ్యి."

లేచింది. బుల్లయ్యకంటే ముందే టీవీ పెట్టింది. ఆ పొద్దున ఊరు ఊరంతా వృత్త వైశాల్యం నేర్చుకుంది!

కాసేపటికే వీధి చివరిదాకా బుల్లయ్య కేక వినిపించింది. "ఒరేయ్ లక్ష్మీకాంత్! నా టీవీలో లెక్కల పాఠాలేందిరా? ఈ వయసులో నాచేత డీఎస్సీ రాయిస్తావా?"

మార్చటం ఎవరి వల్లా కాని ఆ స్విచ్ దగ్గరికి లక్ష్మీకాంత్ బండేసుకుని పరుగున వచ్చాడు. బుల్లయ్య కాఫీ చల్లారకముందే మార్చేశాడు. ఇక ఆయన ఎప్పుడు టీవీ పెట్టినా ముందు పెట్టినట్టే లెక్క. మధ్యలో ఎవరి పాఠం నడుస్తున్నా సరే, ఆగిపోతుంది.

మహిమ పుస్తకం చేత్తో పట్టుకునే వచ్చింది. "అన్నా, చేతనవుతుందిగా. మా ఇంటిది గూడా మార్చు."

లక్ష్మీకాంత్ బండి స్టార్ట్ చేశాడు.

"నీకింకేం కావాలమ్మా? చీకట్లో లేచే పని తప్పించాగా. హాయిగా పడుకో!"