రోజా తాగింది

నాలా పొంగి అశోక్‌నగర్ ఇళ్ళలో మంచాలు తేలిన ఏడాది ఉంది చూడండి, దానికి మూడో ఏట జరిగింది ఇది. మాఘమాసం. పెళ్ళిళ్ళ రోజులు.

నారాయణగూడలో పెళ్ళి ఊరేగింపులకు బ్యాండూ గుర్రమూ కిరాయికిచ్చే దుకాణం ఒకటుంది. దాని యజమానురాలు స్వర్ణ. అక్కడ గుర్రం పట్టే మనిషి రాజేశం. ఎందరు పెళ్ళికొడుకులను ఎక్కించి దించాడో లెక్కలేదు గానీ, ఒక్కరితోనూ నాలుగు మాటలు మాట్లాడి ఎరగడు. మాట్లాడితే గుర్రంతోనే. దాని పేరు రోజా.

రోజాకు వయసు మీరింది. స్వర్ణ దాన్ని శామీర్‌పేట దగ్గర తమ్ముడి తోటకు పంపించి, బదులుగా ఏటీవీ అనే బండి కొన్నది. నాలుగు లావు చక్రాలు, మోటారు సైకిలు హ్యాండిలు. రాళ్ళూ గుట్టలూ ఏవైనా ఎక్కుతుందట. ఈ కాలం పెళ్ళికొడుకులకు అదే కావాలి.

"దీన్ని మంచిగ నడిపితే ఉంటవ్ రాజేశన్నా," అంది స్వర్ణ. "తొలి బేరమే ఖరాబైతే నేను బండి అమ్ముత, నువ్వు ఊరికి పోతవ్."

ఊళ్ళో రాజేశానికి కోడలి మాటలు వినడం తప్ప వేరే పని లేదు. అందుకని తల ఊపాడు. గుర్రం మెడలోని పూసలూ నెత్తిమీది కుచ్చూ తెచ్చి బండికి కట్టి, దాన్ని కూడా రోజా అనే పిలవసాగాడు.

తొలి బేరం అశోక్‌నగర్ జగన్నాథరావుగారిది. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. కొడుకు కృష్ణచైతన్యకు తనతో చదువుకున్న బర్కత్‌పుర అమ్మాయితో పెళ్ళి. మండపం నారాయణగూడలో. పెళ్ళికొడుకు మేనత్త బాలత్రిపురసుందరికి ఈ సంబంధం మీద మొదటినుంచీ గురి లేదు.

"అత్తయ్యా, రేపు పొద్దున ఏటీవీ వస్తుంది," అని మేనల్లుడు చెబితే, "ఏ టీవీ? వాళ్ళకెవరు చెప్పార్రా మన పెళ్ళని?" అని రెండు పట్టుచీరలు ఇస్త్రీకి పంపిన మనిషి ఆవిడ.

పెళ్ళికూతురి పేరు కూడా రోజాయే. ఆ సంగతి రాజేశానికి తెలియదు. శుభలేఖ దుకాణంలో ఉంది గానీ, దాన్ని స్వర్ణ టీ గ్లాసు మీద మూతగా వాడుతోంది.

పెళ్ళినాడు పొద్దున్నే రాజేశం బండితో బయల్దేరాడు. చిక్కడపల్లిలో పైపుల కోసం రోడ్డు తవ్వి మట్టి కుప్ప పోశారు. గుర్రమైతే తనే తప్పుకునేది. "పక్కకు నడువ్," అన్నాడు రాజేశం. బండి వినలేదు. కుప్ప ఎక్కి, ఒరిగి, పల్టీ కొట్టి, నాలుగు చక్రాలూ ఆకాశానికెత్తి పడుకుంది. రాజేశం ముందే దూకాడు కాబట్టి మోకాలు దోక్కుపోయింది, అంతే.

హాస్టళ్ళలో ఉండి సర్కారు పరీక్షలకు చదివే కుర్రాళ్ళు టీ గ్లాసులు వదిలి పరిగెత్తుకొచ్చారు. "పట్టు తాతా, లేపుదాం."

"ఆగుండ్రి."

"ఏంది ఆగేది?"

"పడ్డదాన్ని ఎంబడే లేపొద్దు. జర ఊపిరి తీసుకోనీ."

గుర్రాల దగ్గర అది పద్ధతి. కుర్రాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బండి ఆయనది, ఇందులో ఏదో కిటుకు ఉండే ఉంటుందనుకున్నారు. రాజేశం పక్కన గొంతుక్కూర్చుని బండి పొట్ట నిమిరాడు. చెయ్యి చుర్రుమంది. పాపం బాగా అలిసిందని ఇంకాసేపు పడుకోనిచ్చాడు.

తర్వాత అందరూ కలిసి లేపారు. మీట నొక్కితే బండి ఒకసారి మూలిగింది, ఒకసారి తుమ్మింది, మళ్ళీ ఉలకలేదు. రాజేశం మెకానిక్ శ్రీనాథ్‌కు ఫోన్ చేశాడు.

"బొర్ల పడ్డదా? ఎంతసేపున్నది గట్ల?"

"జరసేపు పండనిచ్చిన."

"పండనిచ్చినవా," అన్నాడు శ్రీనాథ్. చేతిలో పానా కింద పడ్డ చప్పుడైంది. "నూనె ఇంజన్ల కింద ఉండాలె తాతా. తలకిందులైతే మీదికెక్కుతది, ఎయిర్ ఫిల్టర్లకు పోతది. అది ఫుల్లుగ తాగింది. ఇట్లనే స్టార్ట్ చేస్తే ఇంజను పోతది. ప్లగ్గు ఊడదీసి సెల్ఫ్ కొట్టు, తాగినదంత కక్కుతది. ఫిల్టర్ తుడిచి, తక్కువైన నూనె పొయ్యి. తెల్లపొగ వస్తే పరేషాన్ కాకు."

రాజేశం ప్లగ్గు ఊడదీస్తుండగా ఫోను మోగింది. దుకాణం కార్డు మీద ఉన్నది అతని నంబరే. అవతల బాలత్రిపురసుందరి.

"ఏవండీ, ఇంకా రాలేదేం? ఎక్కడున్నారు?"

"చిక్కడపల్లిల."

"అక్కడేం చేస్తున్నారు?"

"రోజా పడ్డది."

"ఎవరూ?"

"రోజా. ఫుల్లుగ తాగింది. రోడ్డు మీద పల్టీ కొట్టింది. కక్కిస్తున్న."

"పెళ్ళినాడా?" అంది ఆవిడ.

"పెండ్లికే తెస్తున్న గద. కక్కినంక తీస్కొస్త." రాజేశం ఫోన్ పెట్టేశాడు. ఒక్కరోజులో అంత మాట్లాడటం అతనికి అలవాటు లేదు.

మన మాటలో ఆడమనిషికీ బండికీ ఒకటే 'ది'. తాగింది, పడ్డది అంటే మనిషో మరబండో వినేవాళ్ళే తేల్చుకోవాలి. బాలత్రిపురసుందరి తేల్చుకుంది.

"అన్నయ్యా, నేను ముందే చెప్పాను," అంది జగన్నాథరావుతో.

"ఏం చెప్పావు?"

"అది తర్వాత చెప్తాను. పెళ్ళికూతురు తాగి చిక్కడపల్లిలో రోడ్డు మీద పడిపోయిందట. బండి తెచ్చే ఆయనే పుణ్యం కట్టుకుని వాంతి చేయిస్తున్నాడు."

వెంటనే మండపంలో ఉన్న పెళ్ళికూతురి తల్లి దుర్గమ్మకు ఫోన్ చేసింది. "వదినగారూ, మీ అమ్మాయి ఎక్కడుంది?"

"గదిల ఉన్నది. పూలజడ కుడుతున్నరు."

"ఒకసారి మాట్లాడించండి."

పెళ్ళికూతురు పూజ దాకా ఏమీ తినకూడదు. ఆకలికి తాళలేక అప్పుడే లడ్డూ ఒకటి ఎవరూ చూడకుండా నోట్లో వేసుకుంది. తల్లి ఫోను చెవి దగ్గర పెట్టేసరికి మింగనూ లేదు, ఉమ్మనూ లేదు. "అఫమ్మా, షెప్పుంఱి," అంది.

"మాట ముద్దగా వస్తోంది," అని బాలత్రిపురసుందరి అందరికీ వినపడేలా ప్రకటించింది. "అన్నయ్యా, కారు తియ్యి. కక్కించినాయన్నే అడుగుదాం."

సంగతి విన్న దుర్గమ్మ చెంగు బిగించింది. "నా బిడ్డ తాగి పడ్డదన్నోడు ఎవడో చూడాలె. మాట తేలకపోతే పెండ్లి లేదు, గిండ్లి లేదు. నడువ్ బిడ్డా." తల్లీకూతుళ్ళు ఆటో ఎక్కారు.

ఇక్కడ రాజేశం ప్లగ్గు బిగించి, నూనె పోసి, మీట నొక్కాడు. బండి లేచింది. దాంతోపాటు తెల్లపొగ లేచి సందంతా కమ్మేసింది. "దోమల మందు బండొచ్చింది, కిటికీలు ముయ్యుండ్రి," అని ఎవరో కేకేశారు. తలుపులు టపటపా మూసుకున్నాయి. హాస్టలు కుర్రాళ్ళు మాత్రం ఎదురొచ్చారు. "మా గల్లీలకు ఒక్కసారి రా తాతా. దోమలతోని సదువు సాగుతలేదు."

కారూ ఆటో ఆ పొగలోనే వచ్చి ఆగాయి. ఎవరికెవరూ కనపడరు.

"రోజా ఎక్కడ?" అంది బాలత్రిపురసుందరి గొంతు.

"నేనే," అంది ఒకపక్క నుంచి పెళ్ళికూతురు.

"ఇగో," అన్నాడు ఇంకోపక్క నుంచి రాజేశం.

బాలత్రిపురసుందరి మొదటి గొంతు వైపు తడుముకుంటూ వెళ్ళి, ముఖం దగ్గర ముఖం పెట్టి వాసన చూసింది. "నెయ్యి," అంది అయోమయంగా.

"ఊదమంటరా అత్తమ్మా?" అంది పెళ్ళికూతురు.

కృష్ణచైతన్య కారు దిగి దగ్గుకుంటూ వచ్చి రాజేశం భుజం పట్టుకున్నాడు. "తాతా, తాగిందెవరు?"

రాజేశం బండి సీటు మీద తట్టాడు. "రోజా."

దుర్గమ్మ ముందుకొచ్చింది. "నా బిడ్డ పేరు బండికి పెట్టినవా?"

"బండిది కాదమ్మా," అన్నాడు రాజేశం, సర్దుదామని. "గుర్రానిది."

దాంతో సంగతి మొదటికొచ్చింది. నా బిడ్డకు గుర్రం పేరా అని ఈవిడ, ఇతను సరిగ్గా చెప్పి ఉంటే నేనెందుకు వచ్చేదాన్నని ఆవిడ. జగన్నాథరావు ఏ వైపు మాట్లాడాలో తెలియక కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. రాజేశానికి ఊళ్ళో కోడలు గుమ్మంలో నిలబడి కనిపించసాగింది.

పెళ్ళికూతురు చీర కుచ్చిళ్ళు పట్టుకుని బండెక్కి కూర్చుంది. "నువ్వు ఎక్కుతవా, నేనే తోలుకపోవాల్నా?" అంది పెళ్ళికొడుకుతో. "ముహూర్తం పోతది."

అతను ఎక్కాడు. రాజేశం కళ్ళెం పట్టినట్టు హ్యాండిలు పట్టుకుని పక్కన నడిచాడు. వెనక కారులో ఇద్దరు వదినగార్లు ఒకరి పక్కన ఒకరు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా కూర్చున్నారు.

మండపం ముందు స్వర్ణ నిలబడి ఉంది. అప్పటికే అంతా విన్నది. రాజేశాన్ని ఏమనాలో పళ్ళ మధ్య సిద్ధంగా పెట్టుకుంది. అంతలో తెల్లపొగలోంచి వధూవరులు మెల్లగా బయటికి తేలారు. చుట్టాలంతా లేచి చప్పట్లు కొట్టారు. వీడియో తీసేవాడు ఇంకోసారి వెనక్కి వెళ్ళి రమ్మన్నాడు. స్వర్ణ నోరు తెరిచేలోపే పెళ్ళిపెద్దలు కొందరు ఆమె చుట్టూ మూగారు.

"మా వాడి పెళ్ళికీ ఈ పొగబండే కావాలమ్మా."

సాయంత్రం శ్రీనాథ్ బండిని విప్పి చూశాడు. తాగిన నూనె అంతా కాలిపోయింది, ఇంజనుకు ఢోకా లేదు, ఇక చుక్క పొగ రాదు పొమ్మన్నాడు. స్వర్ణ ముఖం మాడింది.

"రేపు లోయర్ ట్యాంక్ బండ్‌ల పెండ్లి రాజేశన్నా. పొగకే ఒప్పుకున్నరు. పొగ లేకుంటే బేరం లేదు. బేరం లేకుంటే నీకు తెల్వదా."

మర్నాడు పొద్దున్నే రాజేశం బండిని ఒక ఖాళీ జాగాకు తోలుకుపోయి, నలుగురు హమాలీలను పిలిచి, మెల్లగా బోర్లా పడుకోబెట్టించాడు. అంతకంటే ముందు ఫోన్ ఆపేశాడు.