ఐదుగురి మంద

ఆ శనివారం పొద్దున మురళీధర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా ఇంత తిని, నడిమింట్లో ఫ్యాను కింద వైఫై పెట్టె పక్కన కూర్చుని, పదకొండుకు ఫోన్లో మూడు ఆటలు ఆడాలి. హైదరాబాదు జట్టు కోచ్ సుస్మిత అక్కడినుంచే చూస్తుంది. నచ్చితే జట్టులోకి తీసుకుంటుంది. నచ్చకపోతే సోమవారం మార్కాపురం వెళ్లి పలకల ఫ్యాక్టరీలో ప్యాకింగు పనికి చేరాలి. ఆ మాట తండ్రి చెంచయ్యకు ఇచ్చేశాడు.

ఫోన్లో ఆడితే జీతమిస్తారంటే తర్లుపాడు పక్కనున్న ఆ పల్లెలో ఇప్పటికీ చాలామంది నమ్మరు. మురళికి నాలుగేళ్లు ఇచ్చారు. అది తుపాకుల ఆట. గుట్ట మీద గడ్డిలో బోర్లా పడుకుని, ఎక్కడో దూరాన తలెత్తినవాణ్ణి ఒక్క దెబ్బకు పడగొట్టడంలో అతనిది అందెవేసిన చెయ్యి. గెలిచిన కప్పులు రెండు గోడ అలమరలో గొర్రెల మందు సీసాల పక్కన ఇప్పటికీ ఉన్నాయి. పోయినేడు ఆ ఆటకు పోటీలు ఆగిపోయాయి. జట్టు చెదిరిపోయింది. ఇరవై ఐదేళ్లకే మురళి పాతవాడైపోయాడు.

ఎనిమిది నెలలుగా వేరే ఆట నేర్చుకుంటున్నాడు. ఇందులో ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. ఎవరు ముందు ఎదుటివాళ్ల కోట కూలిస్తే వాళ్లు గెలిచినట్టు. మురళి ఆటయితే మార్చాడు గాని, చెయ్యి మారడం లేదు. పొద కనిపిస్తే చాలు, దూరి కూర్చుంటున్నాడు. ఈలోగా తనవాళ్లు నలుగురూ చచ్చి ఊరుకుంటున్నారు. ఒకప్పుడు తన పేరు చెబితే జంకిన కుర్రాళ్ల ముందు మళ్లీ ఓనమాలు దిద్దుకోవడం అతనికి ప్రాణం మీదికొచ్చినట్టుంది. ఆ సిగ్గు ఎవరితోనూ చెప్పుకోలేదు.

ఇంటి వెనకే కొండలరావు పిండిమిల్లు. "మిల్లు మోత కోచ్‌కు వినపడుతుందేమోమ్మా" అని మురళి ఊరికే ఒక మాటన్నాడు. తల్లి గోవిందమ్మ కొంగు దోపుకుని బయల్దేరింది.

"తమ్ముడూ, పదకొండునుంచి రెండు గంటలు మిల్లు ఆపుతావా? మావాడికి పరీక్షుంది."

ఆట అంటే ఎవరూ మిల్లు ఆపరని, పరీక్ష అంటే ఆపని మనిషి ఉండడని ఆమెకు బాగా తెలుసు.

"ఏం పరీక్షక్కా?"

"ఇంట్లోనే కూచుని రాసేదంట. పాసైతే హైదరాబాదులో జీతం."

"అట్లంటే ఇప్పుడే ఆపేస్తా. పిల్లోడి బతుకుకన్నా ఈ మిరపకాయలు ఎక్కువనా?" అన్నాడు కొండలరావు. మిల్లు ఆగింది.

ఆగితే ఆగింది, అంతటితో అయిపోయేదే. కానీ మిరపకాయల బుట్టలతో వరసలో కూర్చున్న ఆడవాళ్లు కారణం అడిగారు. కారణం విన్నాక వాళ్లకు ఇంటికి పోబుద్ధి కాలేదు. బుట్టలతో సహా వచ్చి గోవిందమ్మ వాకిట్లో కూర్చుని, వీధిలో కుక్క మొరిగితే కుక్కను, మనిషి దగ్గితే మనిషిని అదిలించడం మొదలుపెట్టారు. ఆదిలక్ష్మమ్మ అవ్వ వీధి మొదట్లో మంచం అడ్డంపెట్టి ఆటోలను అక్కడే ఆపేసింది. గుడి మైకు ఆగింది. పక్క వీధిలో సీమంతం వంటకు రుబ్బుతున్న గ్రైండరూ ఆగింది. ఈ కబురు చివరికి గురుస్వామికి చేరింది.

గురుస్వామి గోవిందమ్మకు సొంత తమ్ముడు, ఆ ఊరి లైన్‌మన్. "మేనల్లుడి పరీక్ష సంగతి నేను మిల్లుకాడ తెలుసుకోవాల్నా?" అని ఆయనకు మనసు కష్టపడింది. మనసు కష్టపడితే కొందరు మాట్లాడ్డం మానేస్తారు. గురుస్వామి అట్లా కాదు, ఏదో ఒక మేలు చేసి చూపిస్తాడు. ఒక్కో ఇంటికీ పోయి చప్పుడు ఆపమని బతిమాలడం ఎందుకని, తిన్నగా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి ఊరంతటికీ ఒకేసారి కరెంటు తీసేశాడు.

పదకొండుకు ఇరవై నిమిషాలుందనగా మురళి నెత్తిమీద ఫ్యాను ఆగింది. వైఫై పెట్టెలో దీపం ఆరింది. ఊరి టవరుది కూడా అదే లైను కాబట్టి ఫోన్లో గీతలన్నీ పోయి ఒక్కటి మిగిలింది. దాంతోనే మామకు ఫోను చేశాడు. మోగింది, మళ్లీ మోగింది, ఎత్తలేదు. మేనల్లుడి చదువుకు భంగం రాకూడదని గురుస్వామి తన ఫోనును కూడా మూగపెట్టేశాడు.

"నేను మిల్లొక్కటే ఆపమన్నా గదరా!" అని గోవిందమ్మ తల పట్టుకుంది.

"గుట్టకాడికి పోదాం పా. ఆడ మార్కాపురం రోడ్డు టవరు బాగా అందుతది" అంది చెల్లెలు నాగజ్యోతి, స్కూటీ తాళాలు తీసుకుంటూ. చెంచయ్య మందను మేపేది ఆ గుట్ట కిందే.

స్కూటీని వాకిట్లోనే ఆడవాళ్లు చుట్టుముట్టారు. "పరీక్ష ఇడిచిపెట్టి యాడికి పోతాండావు నాయనా? భయమైతాందా?" అని ఒకామె చెయ్యి పట్టుకుంది. నాగజ్యోతికి తోచిన మాట ఒకటే.

"సెంటర్ మారింది పెద్దమ్మా!"

అది మాత్రం అందరికీ వెంటనే అర్థమైంది. పరీక్షల సెంటర్లు మారడం ఎవరెరగనిది? దారి ఇచ్చారు. వీధి మొదట్లో మంచం పక్కకు లాగుతూ ఆదిలక్ష్మమ్మ అవ్వ, "తొందర్లో పెన్ను మర్చిపోయినట్టుండావు" అని మనవరాలి పెన్ను తెచ్చి మురళి జేబులో పెట్టింది. మురళి నిజంగా మర్చిపోయింది ఇయర్‌ఫోన్లు. ఆ సంగతి గుట్ట చేరాక గాని తెలియలేదు.

ఏం జరిగిందని చెంచయ్య అడగలేదు. ఎండకు ఫోను కనపడటం లేదని కొడుకు కళ్లు చికిలించడం చూసి, గొడుగు విప్పి పట్టుకుని వెనక నిలబడ్డాడు. నాగజ్యోతి కరెంటు సంగతి చూద్దామని ఊళ్లోకి తిరిగిపోయింది. ఆట మొదలైంది. మాటలు కోచ్‌కు వినపడాలన్నది నియమం కాబట్టి మైకు తెరిచే ఉంది.

మొదటి ఆట పదిహేను నిమిషాల్లో పోయింది. మురళి పొదలో ఉండగానే కోట కూలింది.

"వీళ్లల్లో నీవాళ్లు ఎవరురా?" అన్నాడు చెంచయ్య.

"నీలం రంగోళ్లు నాయనా."

"నువ్వు వాళ్లనిడిచి పొదలో ఏం చేస్తాండావు?"

"పాత ఆట అట్లనే ఆడేటోణ్ణి. అలవాటు పోవడం లేదు నాయనా" అన్నాడు మురళి. ఎనిమిది నెలల సిగ్గు ఆ ఒక్క మాటలో బయటపడింది.

చెంచయ్య గొడుగు ఇంకో చేతికి మార్చుకున్నాడు. "మీ అమ్మను చేసుకునేదానికి ముందు నేను పాల ఎనుములు కాసేటోణ్ణి. ఎనుముకు ముందర నడిస్తే చాలు, అదే వస్తది. తరవాత గొర్రెలకు మారినా. వాటికీ ముందరే నడిచినా, వెనక తోడేలు పడి నాలుగు పిల్లల్ని ఎత్తుకపోయింది. మీ తాత ఒక్క మాట అన్లేదు. ఆర్నెల్లు పట్టింది నాకు, వెనక నడిచేది నేర్చుకునేకి."

ఆ తండ్రి కూడా ఒకప్పుడు పని మార్చుకున్నవాడేనని, మార్చుకుని తప్పులు చేసినవాడేనని మురళికి అంతవరకూ తెలియదు. గుండెలోంచి బరువు దిగినట్టయింది.

రెండో ఆటలో మురళి తనవాళ్ల వెనక నడిచాడు. చెంచయ్యకు రోజంతా తలలు లెక్కపెడుతూ ఉండడం నలభై ఏళ్ల అలవాటు. లెక్క సరిపోతే నోరెత్తడు, తప్పితే ఆగలేడు. తెరమీద మూలనున్న చిన్న పటంలో ఎర్రచుక్కలు శత్రువులని తెలిశాక ఆయనకు ఇంకేం తెలియనక్కర్లేకపోయింది.

"ముగ్గురే కనపడతాండారు. ఇద్దరు తక్కువ. ఆ ఇద్దరూ పొదలో ఉంటారు, మనోళ్లను అటు పోనియ్యాకు."

మురళి తనవాళ్లను వెనక్కి పిలిచాడు. పొదలోంచి ఇద్దరు బయటికొచ్చి, ఎవరూ లేక తెల్లమొహం వేశారు.

"ఆ చిన్నోడు వెనకపడినాడు. ఆగు, రానీ... ఆఁ, ఇప్పుడు ఐదుగురూ ఐనారు. పదండి."

రెండో ఆట గెలిచారు. మూడోదీ గెలిచారు. మూడోదాంట్లో చివరికి వచ్చేసరికి చెంచయ్య గొడుగు పక్కన పడేసి కొడుకు భుజం మీదుగా వంగి, "నలుగురే! ఒకడు యాడరా? ఒకడు యాడ?" అని అరుస్తున్నాడు.

ఐదు నిమిషాల్లో ఫోను మోగింది.

"మురళీ, నీ చెయ్యి ఇంకా కుదురుకోలేదు" అంది సుస్మిత. మురళి కళ్లు మూసుకున్నాడు. "కానీ రెండో ఆటనుంచి చూపు మారింది. ఆర్నెల్లు రిజర్వులో తీసుకుంటాను, ఒకటో తారీఖుకు వచ్చెయ్. అది సరే, పక్కన లెక్క చెప్పిందెవరు?"

"మా నాయన, మేడమ్. గొర్రెలు కాస్తాడు. ఆయన చెప్పినందుకు గెలుపు చెల్లదంటే..."

"కోచ్ చెప్పేది వినడం నేరమేం కాదు. నీకు రిజర్వే, ఆయన ఒప్పుకుంటే మాత్రం నేరుగా నా పక్కనే కుర్చీ వేయిస్తాను. మా విశ్లేషకులు ఇద్దరున్నారు, ఇంత నిలకడగా ఒక్కరూ లెక్కపెట్టలేరు. అడిగి చూడు."

మురళి అడిగాడు. చెంచయ్య మొహంలో గర్వం తొంగిచూసింది గాని, ఆయన దాన్ని వెంటనే మీసం కింద దాచేశాడు.

"నువ్వు పోయి రా. పలకల ఫ్యాక్టరీ యాడికీ పోదులే. నాకెట్ల కుదురుతది? ఐదుగుర్ని కాసేదానికి నూటపన్నెండిటిని ఇడిచి రమ్మంటే ఎట్లరా?"

అలా అని ఎంతో దర్జాగా మంద వైపు తిరిగి, అలవాటుగా లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. మూడోసారి వేలు చూపిస్తూ పైకే లెక్కపెట్టాడు.

నూటపది.

తండ్రీకొడుకులు గుట్టంతా గాలించినా ఆ రెండూ దొరక్క, మంద తోలుకుని ఊళ్లోకి వచ్చేసరికి గురుస్వామి కరెంటు ఇచ్చేశాడు. ఆడవాళ్లు ఎదురొచ్చి "పాసా?" అంటే మురళి తల ఊపాడు. వాళ్లింక గొంతులు దాచుకోలేదు. ఆదిలక్ష్మమ్మ అవ్వ తన పెన్ను చలవేనని అందరికీ చెప్పుకుంది. కొండలరావు తలుపు తెరిచే వదిలేసిన మిల్లులోకి వెళ్లి స్విచ్చి వేయబోయి, అక్కడే నిలబడిపోయాడు.

తప్పిపోయిన గొర్రెలు రెండూ లోపలే ఉన్నాయి. ఆపినప్పట్నుంచి ఎవరూ తిరిగి చూడని మిల్లులో, ఒకరి జొన్నల బస్తా సగానికి దించి, ఇంకా తింటున్నాయి.

ఊళ్లో పరీక్ష జరుగుతోందని తెలిసిందో ఏమో, ఒక్కటి కూడా అరవలేదు.