పాత్రకి ప్రాణం పోయబోయి

ఆ ఆదివారం పొద్దున్నే మా అక్కతో పోట్లాడాలని మా బావ నిర్ణయించుకున్నాడు. కోపం వచ్చి కాదండోయ్, సాహిత్యం కోసం!

మా బావ నాటకాలు రాస్తాడు. వాటిలో నేను వేషాలు వేస్తాను. మా ఇద్దర్నీ తిట్టే బాధ్యత దర్శకుడిది. ఆయన్ని అందరూ ఉరుముగారంటారు. ఆయన చెవిలో రహస్యం చెప్పినా పక్కవీధి వాళ్లు ఊఁ కొడతారు.

ముందురోజు కొత్త నాటకం చదివి ఆయన ఉరిమారు.

"ఏమయ్యా, మొగుడూపెళ్లాల పోట్లాట రాయమంటే ఇదేంటి? ఈ భార్య మాట్లాడుతుంటే కరెంటాఫీసు ప్రకటన చదువుతున్నట్టుంది! పాత్రకి ప్రాణం పోస్తావా, ఇంకో రచయితని వెతుక్కోనా?"

బావ హడలిపోయి, తెల్లారగానే నన్ను పెరట్లోకి లాక్కెళ్లాడు.

"ఒరేయ్, ఇంట్లో అంత గొంతు పెట్టుకుని నేను కల్పించడమేంట్రా? మీ అక్కని కాస్త కదిలిస్తే చాలు, డైలాగులు జలజలా రాలతాయి" అంటూ ఫోనులో రికార్డింగు నొక్కి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"డైలాగులతో పాటు ఇంకేమైనా రాలితే?"

"ఇంకేం రాలతాయి?"

"పళ్లు."

"కళ కోసం ఒక పన్ను పోతే పోనీరా!"

వెళ్లి, అక్క అప్పుడే పరిచిన దుప్పటి మీద తడి తువ్వాలు పడేశాడు. అక్క వచ్చింది, చూసింది, తువ్వాలు తీసి దండెం మీద ఆరేసింది.

"పాపం, చేతులు నొప్పిగా ఉన్నాయేమో" అంది.

బావ మొహం వాడిపోయింది. అయినా వదల్లేదు. వంటింట్లో దూరి, పొయ్యి పక్కనున్న గిన్నెలో గరిటె ముంచి రుచి చూశాడు.

"ఈ కూరలో ఉప్పేదీ?"

"అది కూర కాదండీ. బంగాళాదుంపలు కడిగిన నీళ్లు."

ఇక అత్తగారి మీద పడ్డాడు. "మీ అమ్మ పాట ఎత్తుకుంటే పిట్టలు వలసపోతాయి!"

"బావా, ఆవిడ నాకూ అమ్మే!" అన్నాను ఉండబట్టలేక.

అక్క మాత్రం నవ్వింది. "మా నాన్నగారూ అదే అంటారండీ."

మేం పథకం వేసింది సరిగ్గా వంటింటి కిటికీ కింద. ఆ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

బావ బ్రహ్మాస్త్రం తీశాడు. మిక్సీ నిండా టమాటాలు వేసి, మూత పెట్టకుండా మీట నొక్కాడు. టమాటాలు గోడలకీ పైకప్పుకీ అంటుకున్నాయి. అక్కణ్ణించి బావ నెత్తి మీదికి దిగాయి. మిగిలినవి, తిరగరాసినంతవరకూ చూపించమని అప్పుడే లోపలికొచ్చిన ఉరుముగారి తెల్లచొక్కా మీద సర్దుకున్నాయి.

నేను కళ్లు మూసుకున్నాను.

"గోడలకి రంగు వేయించమని ఎప్పట్నుంచో అడుగుతున్నా" అంది అక్క. "మీరే మొదలుపెట్టారు. సంతోషం!"

బావ మోకాళ్ల మీద కూలబడ్డాడు. "తిట్టవే! నీకు దణ్ణం పెడతాను, ఒక్క తిట్టు తిట్టవే! నా నాటకం పోయేట్టుందే!"

ఉరుముగారు మీసం మీది టమాటా తుడుచుకుంటూ, "ఈయనతో ఎలా వేగుతున్నావమ్మా?" అన్నారు.

"చెప్తే ఏం తెలుస్తుందండీ, చూపిస్తాను" అంది అక్క.

బావ కళ్లజోడు తీసి తను పెట్టుకుంది. పొట్ట ముందుకీ తల వెనక్కీ పెట్టి, బాతులా ఫ్రిజ్ దాకా నడిచింది. తలుపు తీసి పాల గిన్నె ఎత్తి గటగటా తాగుతూనే, "ఏమేవ్, పాలెక్కడ పెట్టావ్?" అని అరిచింది. అంతలో వేలు పైకెత్తి కొయ్యబారిపోయింది. "ఆగవే, వచ్చేస్తోంది! అద్భుతమైన డైలాగు! వచ్చేస్తోంది... వచ్చేస్తోంది..." వేలు మెల్లగా దిగింది. "పోయింది. నువ్వు ఊపిరి పీల్చడం వల్లే పోయింది."

ఉరుముగారి నవ్వుకి పక్కవీధి కుక్కలు మొరిగాయి.

"ఏమయ్యా! ప్రాణం లేనిది నువ్వు రాసిన మొగుడి పాత్రకయ్యా! వాడిలో ఒక్క వంకరైనా లేకపోతే ఆవిడ దేన్ని తిడుతుంది?"

మొగుడి వేషం నాదే కాబట్టి, ఆ రోజు నుంచి అక్క నాకు గురువు. బావలా కూర్చోవడం, బావలా తుమ్మడం, బావలా తప్పు ఒప్పుకోకపోవడం, అన్నీ నేర్పింది. బావ ఓ మూల కూర్చుని అవన్నీ నాటకంలోకి ఎక్కిస్తూ, "నేనెప్పుడు అలా నడిచానే?" అని విసురుగా లేచి వెళ్లిపోయేవాడు. అచ్చం అలాగే నడుస్తూ.

ప్రదర్శన రోజు హాలు కిటకిటలాడింది. నేను ఫ్రిజ్ తలుపు తీయగానే ఈలలు! భార్య పాత్ర వేసినావిడ నన్ను తిట్టడం మొదలుపెడితే ఒకటే చప్పట్లు. ముందు వరసలో బావ, అక్క పక్కనే ఉబ్బితబ్బిబ్బవుతున్నాడు. నేను వేలు పైకెత్తి "వచ్చేస్తోంది" అన్నానో లేదో, బావ పక్క సీట్లో పెద్దావిడ గట్టిగానే అనేసింది.

"మరీ విడ్డూరం! ఇంత దద్దమ్మ ఎక్కడైనా ఉంటాడా? రాసినవాడికి లోకజ్ఞానం లేదు."

రచయితకి పౌరుషం పొడుచుకొచ్చింది. మొగుడి పరువు గుర్తురాలేదు. బావ దిగ్గున లేచి వేలు పైకెత్తాడు.

"ఉంటాడండీ! కల్పన కాదు, ప్రతి ముక్కా నిజం! ఆ పాత్ర నేనే!"

స్టేజీ మీద నేను, కింద ఆయన, ఒకేలా వేళ్లెత్తి నిలబడ్డాం. హాలంతా ఇటోసారి, అటోసారి చూసి గొల్లుమంది. ఉరుముగారైతే తెర పట్టుకుని వేలాడిపోయారు.

అక్క మాత్రం బావ చొక్కా అంచు పట్టుకుని మెల్లగా కిందికి లాగింది.

"పాత్రని ఇంటికెళ్లాక తోముతాను గానీ, ముందు కూర్చోండి. వెనకవాళ్లకి కనబడటం లేదు."